మామయ్య బస్సు మూగబోయిన వారం

సెప్టెంబరు 30, శనివారం

చేతులు నీలం. మోచేతులు నీలం. స్కూలు లంగా అంచు కూడా నీలం. రంగు పనికి అది ఎందుకు కట్టుకుని వెళ్లానో నాకే తెలియదు. కిరసనాయిలు పెట్టి రుద్దినా వదలడం లేదు. ఈ పేజీ మూలన పడిన వేలిముద్ర నాదే. ఎవరో డైరీ తెరిచారని రేపు నేనే అనుమానపడకుండా రాసిపెడుతున్నాను.

అంతా నిన్నటి పాట వల్ల వచ్చింది. సియావోసి మామయ్య పట్నం నుంచి ఆలస్యంగా బయలుదేరాడు. బస్సు మా ఊరి పొలిమేర చేరేసరికి చర్చి ముందు వేలాడదీసిన ఖాళీ గ్యాస్ సిలిండర్ రెండోసారి మోగిపోయింది. రెండోసారి మోగిందంటే ప్రతి ఇంట్లో సాయంత్రం ప్రార్థన మొదలైనట్టే. రోడ్డు మీద ఏదీ కదలకూడదు, ఏదీ మోగకూడదు. మామయ్య ఆగలేదు. ఆగకపోగా పాట కూడా కట్టేయలేదు. ఎవరిదో నడుము గురించిన పాట. కాపలా కుర్రాళ్లు ఈలలు ఊదారట. మామయ్యకి వినపడలేదట. అది మాత్రం నిజమే అయ్యుంటుంది. బస్సులో ఆ పాట మోగుతుంటే పక్కన కొండ విరిగిపడినా వినపడదు.

పొద్దున్నే ఊరి పెద్దలు కూర్చుని జరిమానా వేశారు. డబ్బా చేపల పెట్టెలు, ఒక పెద్ద పంది. ఆ పందికి నేను పేరు పెట్టుకున్నాను. దాని గురించి ఇప్పుడు రాయను.

అంతటితో అయిపోయిందనుకున్నాం. అమ్మమ్మ అవనివ్వలేదు.

"పంది పెద్దలకిచ్చావు. మరి దేవుడికేం ఇస్తావురా?"

మామయ్య బస్సుకి కొత్త రంగు వేస్తానన్నాడు. వచ్చే ఆదివారం తెల్ల ఆదివారం. ఊళ్లో పిల్లలంతా తెల్లబట్టలు వేసుకుని మా బస్సులోనే చర్చికి వెళ్తారు.

"ఏయ్, పైపైన పూసి మెరిపిస్తే ఊరుకోను. మనుషులు చూడనిచోట ఆయన చూస్తాడు" అంది అమ్మమ్మ.

దాంతో బయటి చెక్కలు నాకు, లోపలి ఇనుము మామయ్యకి. స్పానరు పట్టుకుని సీట్ల కింద దూరాడు. బోల్టులు విప్పి మరీ వాటి కింద పూసి, ఆరనిచ్చి, ఇంకో పూత పూసి, మళ్లీ బిగించాడు. ఇంత శ్రద్ధ ఆయనలో ఎన్నడూ చూడలేదు. భయం మనిషిని ఎంత పనిమంతుణ్ణి చేస్తుందో!

అక్టోబరు 1, ఆదివారం

చర్చి, భోజనం, నిద్ర. బస్సు పెరట్లో సముద్రం ముక్కలా ఉంది.

అక్టోబరు 2, సోమవారం

పాట లేదు.

మామయ్య తాళం తిప్పాడు. ఇంజను మాట్లాడింది. స్టీరియో వెలిగింది. పాట పేరు దాని కిటికీలో అటూ ఇటూ పరుగెత్తింది. అయినా పాట లేదు. శబ్దం పెంచే గుండీని మామయ్య చివరిదాకా తిప్పాడు. అది ఇంక తిరగనన్నా తిప్పాడు. ఏమీ లేదు. పైనున్న పెద్ద స్పీకర్లు నోళ్లు తెరుచుకుని మా వైపు చూస్తున్నాయి.

"తొందరేం లేదు. బండి వేడెక్కితే అదే వస్తుంది" అన్నాడు.

బండి వేడెక్కింది. మనుషులూ వేడెక్కారు.

ఇక్కడ ఒకటి రాయాలి. మా బస్సుకి టైమంటూ లేదు. మామయ్య కోకో తాగి, మొహం తుడుచుకుని, తాళం ఎక్కడ పెట్టాడో వెతుక్కుని ఎప్పుడు బయలుదేరితే అదే టైము. రోడ్డుకి దూరంగా ఉన్న ఇళ్లవాళ్లకి పాటే గడియారం. మలుపు అవతల బూం బూం మొదలవగానే అక్కడ ఎవరో జడ ముడేసుకుంటారు, ఎవరో చేమదుంపల బుట్ట భుజానికెత్తుకుంటారు. ఇవాళ మేం గుట్టుగా వెళ్లాం. ఇళ్లల్లోంచి ఎవరూ రాలేదు. మేం దాటిపోయాక ఇద్దరు ఆడవాళ్లు వెనకాల పరుగెత్తుకొచ్చి తిట్టిన తిట్లు మాత్రం పాటలాగే స్పష్టంగా వినపడ్డాయి.

తనియేలు తాతది ఇంకో కథ. ఆయనకి చూపు లేదు. ఈనెలతో చీపుళ్లు కట్టి పట్నం బజారుకి పట్టుకెళ్తాడు. సీమపనస చెట్టు కింద రాయి మీద కూర్చుని ఉన్నాడు. మామయ్య బస్సు ఆపి పిలిచాడు.

"తాతా, ఎక్కు."

"ఎవర్నువ్వు?"

"నేనే తాతా, సియావోసిని."

"సియావోసి బస్సు నాకు తెలీదనుకున్నావా? సియావోసి బస్సు అరుస్తుంది. చీపుళ్లు కొట్టేద్దామని వచ్చావురా దొంగవెధవా? పోరా!"

"తాతా, నా గొంతు గుర్తుపట్టలేదా?"

"ఆ బస్సులో నీ గొంతు ఎప్పుడైనా వినపడిందిరా, గుర్తుపట్టడానికి?"

ఎంత బతిమాలినా ఎక్కలేదు. మా వెనక ఫెలెటి బస్సు మోగుతూ వచ్చింది. ఫెలెటిది పక్క ఊరు, మాదే దారి. తాత లేచి, చీపుళ్లు సర్దుకుని, అది ఎక్కి వెళ్లిపోయాడు.

బస్సులో ప్రతివాళ్లూ మెకానిక్కులే. సీట్లు చాలక నా ఒళ్లో కూర్చున్న పెద్దావిడ "ఫ్యూజు పోయింది" అంది. వెనక సీటు కుర్రాళ్లు "బాస్ శబ్దం ఎక్కువైంది" అన్నారు. ఎలుక కొరికిందని ఒకాయన తన ఇంట్లో ఎలుకల గురించి పట్నందాకా చెప్పాడు. చివరికి ఎవరో మెల్లగా అన్నారు: "ఫ్యూజూ లేదు, ఎలుకా లేదు. శుక్రవారం చేసిన పనికి దేవుడు దీని నోరు నొక్కేశాడు."

అప్పుడు బస్సు నిజంగా నిశ్శబ్దమైంది. అద్దంలో మామయ్య మొహం చూశాను. చూడకుండా ఉండాల్సింది.

బజారు దగ్గర ఫెలెటి తన బస్సుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "ఏం బావా, శవయాత్ర ఎవరిది?"

రేపు నేనే బాగుచేస్తాను. మామయ్యతో చెప్పేశాను కూడా. ఫిజిక్స్‌లో మా క్లాసులో నాకే ఎక్కువ మార్కులు.

అక్టోబరు 3, మంగళవారం

ఫిజిక్స్ మాస్టారు మల్టీమీటరు ఇచ్చారు. "పని కాదు, ముందు ప్రశ్న సరిగ్గా పెట్టుకో. శబ్దం రావట్లేదనకు. ఎక్కడిదాకా వస్తోంది, ఎక్కడ ఆగుతోంది అను" అన్నారు. ఎంత మంచి మాట! దారంతా దాన్నే నమిలాను.

స్టీరియో నుంచి పాట సన్నగా బయలుదేరుతుంది. డ్రైవరు సీటు వెనక చెక్కకి బిగించిన ఆంప్లిఫయర్ దాన్ని లావు చేస్తుంది. అక్కడినుంచి స్పీకర్లకి పోతుంది. ఆంప్లిఫయర్ మీద చిన్న పచ్చదీపం ఉంది. తాళం తిప్పగానే అది రెప్పపాటు వెలిగి ఆరిపోతోంది. అంటే ఆగేది అక్కడే.

ఫ్యూజు బాగుంది. మీటరు ఎర్రతీగ ఆంప్లిఫయర్ దగ్గరా, నల్లతీగ ఇంజను ఇనుముకీ పెట్టి చూశాను. కరెంటు నిండుగా వస్తోంది. రావాల్సిన అంకె సరిగ్గా వచ్చింది. అంత అందమైన అంకె వచ్చాక పాట రాకపోవడం అవమానంగా ఉంది.

"మామయ్యా, బాగా ఆలోచించి చెప్పు. శుక్రవారానికీ సోమవారానికీ మధ్య ఏం మార్చావు?"

"ఏమీ మార్చలేదు."

"ఏదైనా ముట్టుకున్నావా?"

"ఏమీ ముట్టుకోలేదే. రంగు వేశాం, అంతే."

సరే, ఏమీ మారలేదు. రాసుకున్నాను.

అక్టోబరు 4, బుధవారం

ఇవాళ కూడా లేదు. మళ్లీ అడిగాను. మళ్లీ ఏమీ మార్చలేదన్నాడు.

అక్టోబరు 5, గురువారం

స్కూలు నుంచి రాగానే ఒక్కొక్క తీగా పట్టుకుని పోయాను. స్పీకర్లు విప్పి చూశాను. ఒకదాని వెనక బల్లి గుడ్లున్నాయి, ఇంకేమీ లేదు. స్టీరియో బదులు ఫోను తగిలించి చూశాను, అప్పుడూ పాట లేదు, అంటే స్టీరియోది తప్పేమీ లేదు. ఆంప్లిఫయర్ నుంచి బయలుదేరే నల్లతీగ సీటు కింద బస్సు చట్రానికి ఒక బోల్టుతో బిగించి ఉంటుంది. దాన్ని ఎర్తు అంటారు. అదీ చూశాను. చేత్తో ఊపితే కదల్లేదు. శుభ్రంగా, నీలంగా నిగనిగలాడుతోంది. ఇంత బాగా బిగించిన బోల్టు ఈ బస్సులో మరొకటి లేదు. ఎర్తు సరే.

అన్నీ సరే. పాట లేదు. ఇంతమంది నిర్దోషుల మధ్య దొంగ ఎవరు?

పొద్దున సగం సీట్లు ఖాళీగా వెళ్లాం. నా ఒళ్లో ఎవరూ కూర్చోలేదు. ఖాళీ ఒడి ఇంత బరువుగా ఉంటుందని తెలియదు.

భోజనాల దగ్గర మామయ్య చేమదుంప ముక్కని చేతిలో తిప్పుతూ అమ్మమ్మతో అన్నాడు: "తెల్ల ఆదివారం దాకా చూస్తానమ్మా. అప్పటికీ పాడకపోతే ఆయనకి నేను ఈ రోడ్డు మీద ఉండటం ఇష్టం లేదని అర్థం. తాళం ఫెలెటికిచ్చేసి కొండమీద తోటకి పోతా."

"తోటకా?" అంది అమ్మమ్మ. "నువ్వు నాటిన చేమ పందులు కూడా తినవురా."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. నేను మాటలు నేర్చుకుంది స్కూల్లో కాదు, ఆ బస్సు ముందుసీట్లో. మామయ్య ప్రతి పాటా గట్టిగా పాడుతూ, "ఈ మాటకి అర్థం ఏంటే అమ్మడూ?" అని అడిగేవాడు. ఆయనకి తెలియక కాదు. నాచేత చెప్పించడానికి.

మౌనం, మూగతనం ఒకటి కాదని ఇప్పుడే తోచింది. మౌనం మనిషి ఎంచుకుంటాడు. మూగతనం మీదపడుతుంది. బస్సుది మూగతనమే. మామయ్యదే తెలియడం లేదు.

అక్టోబరు 6, శుక్రవారం

తల పగిలిపోతోంది.

ఆంప్లిఫయర్‌ని చెక్క నుంచి విప్పి, తువ్వాలులో చుట్టి పసిబిడ్డలా స్కూలుకి మోసుకెళ్లాను. మాస్టారి బల్లమీద బ్యాటరీ రెండు కొసలూ దానికి తగిలించి, ఒక చిన్న స్పీకరు పెట్టాం. పచ్చదీపం వెలిగింది. ఆరలేదు. పాడింది! క్లాసు పిల్లలంతా గంతులేశారు. నాకు ఏడుపొచ్చింది. మాస్టారు చూడలేదనుకుంటాను.

ఇంటికి తెచ్చి, ఎక్కడి తీగ అక్కడ బిగించి, తాళం తిప్పాను. దీపం రెప్పపాటు వెలిగింది. ఆరింది.

కాలితో తన్నాను. ఆంప్లిఫయర్‌ని కాదు, చెక్కని. వేలు వాచింది.

అమ్మమ్మ మెట్ల మీద కూర్చుని అంతా చూసింది. "పెట్టెలో లోపం లేదన్నమాట" అంది.

"లేదు అమ్మమ్మా."

"అయితే లోపం బస్సులోనే ఉంది."

మామయ్య వింటున్నాడు. నేను ఇంత కష్టపడి, ఫిజిక్స్ అంతా ఉపయోగించి, దేవుడే చేశాడని రుజువు చేసిపెట్టాను.

అక్టోబరు 7, శనివారం

మధ్యాహ్నం రాస్తున్నాను.

పొద్దున పానికేకేలు వేయించేటప్పుడు తట్టింది. నూనెలో పిండి ఉండలు తిరుగుతున్నాయి. మాస్టారి బల్లమీద బ్యాటరీ రెండు కొసలూ నేరుగా ఆంప్లిఫయర్‌కే తగిలించాం. బస్సులో అలా కాదు. ఎర్రతీగ బ్యాటరీ నుంచి వస్తుంది. తిరిగి పోవడానికి వేరే తీగ లేదు. ఆంప్లిఫయర్ నల్లతీగ చట్రాన్ని పట్టుకోవాలి, చట్రం బ్యాటరీదాకా తీసుకుపోవాలి. మరి నేను మంగళవారం నల్లతీగ ఎక్కడ పెట్టాను? ఇంజనుకి! చెయ్యి అందిన చోట. అంటే నేను చూసింది వచ్చే దారి ఒక్కటే. తిరిగిపోయే దారి చూడనే లేదు. చూడకుండానే "ఎర్తు సరే" అని రాసుకున్నాను. పైన గురువారం పేజీలో ఉంది. కొట్టేయను, నాకు బుద్ధి రావాలి.

పానికేకేలు మాడిపోయాయి. ఎవరు తింటారో వాళ్లే తింటారు.

ఈసారి మీటరు నల్లతీగని ఆంప్లిఫయర్ సొంత నల్లతీగకే తగిలించి తాళం తిప్పాను. అందమైన అంకె ఒక్క క్షణం నిలబడి, దీపం వెలగబోయేసరికి కుప్పకూలిపోయింది.

బోల్టు దగ్గరికి పాకాను. ఆ నీలం. ఆ నిగనిగ. మామయ్య బోల్టు విప్పాడు, చట్రం మీద నీలం పూశాడు, ఆరాక ఇంకో పూత పూశాడు, బోల్టు మరలకీ పూశాడు, తీగ కొసని దానిమీద పెట్టి పళ్లు బిగబట్టి మరీ బిగించాడు. తీగకీ ఇనుముకీ మధ్య కరెంటుని పోనివ్వని రంగు పొర. అది చేత్తో ఊపితే ఎలా తెలుస్తుంది?

దేవుడు కాదు. రంగు! దేవుడి కోసం వేసిన రంగు!

అరుచుకుంటూ మామయ్య దగ్గరికి పరుగెత్తాను. అంతా చెప్పాను. ఆయన ఎగిరి గంతేస్తాడనుకున్నాను.

"గీకుతావా?" అన్నాడు.

"చిన్న చుక్క మామయ్యా. తీగ కొస ఆనేంత చోటు. ఒక్క నిమిషం పని."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"ఆ రంగు ఊరికే వేసింది కాదే. తప్పు చేశాను, ఎవరూ చూడనిచోట కూడా ఆయన కోసం పూస్తానని ఒప్పుకుని పూశాను. ఇప్పుడు పాట కోసం గీకేస్తే? ఇచ్చింది వెనక్కి తీసుకున్నట్టు కాదూ?"

"తప్పు రంగుది మామయ్యా, దేవుడిది కాదు!"

"ఆ రంగు అక్కడే ఎందుకు పడిందో?"

ఇంతకంటే విసిగించే మాట ఏ భాషలోనైనా ఉందా? పడిందట! తనే విప్పి, తనే పూసి, తనే బిగించి! ఒక వారం బల్లిగుడ్ల మధ్య పాకాను. వేలు వాచింది. మాస్టారి బ్యాటరీ సగం ఖాళీ చేశాను. కారణం దొరికితే, ఆ కారణాన్నే కొత్త శాపం చేసి కూర్చున్నాడు.

"సాయంత్రం ఫెలెటితో మాట్లాడొస్తా" అన్నాడు. "రేపు పిల్లల్ని చర్చిలో దింపాక తాళం ఇచ్చేస్తా."

అమ్మమ్మకి చెబుదామని చూశాను. పిల్లల తెల్లబట్టలకి గంజి పెడుతోంది. ఇంటినిండా తెలుపు ఆరేసి ఉంది. చెప్పలేకపోయాను.

సాయంత్రం. సిలిండర్ మొదటిసారి మోగింది. ఫెలెటి దగ్గరికి వెళ్లిన మామయ్య తిరిగొచ్చాడు. ఏం మాట్లాడాడో చెప్పలేదు. అందరూ లోపలికి వెళ్తున్నారు. ప్రార్థనవేళ ఎవరూ బయట ఉండరు, ఎవరూ చూడరు. మనుషులు చూడనిచోట చూసేవాడు ఒక్కడే. ఆయనకి చెప్పుకునే వెళ్తున్నాను. చేపల పొలుసు కత్తి నా దగ్గరుంది.

అక్టోబరు 8, తెల్ల ఆదివారం

నిన్నటిది రాయాలి. నాకు తెలియకుండానే నవ్వుకుంటున్నాను, తర్వాత భయమేస్తోంది, మళ్లీ నవ్వొస్తోంది.

సిలిండర్ రెండోసారి మోగేసరికి సీటు కింద ఉన్నాను. ఊరంతా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో పొలుసు కత్తి గీకే చప్పుడు నాకే పెద్దగా వినపడింది. ఇంట్లోంచి అమ్మమ్మ గొంతు స్తోత్రం ఎత్తుకుంది. మామయ్య గొంతు కింది స్థాయిలో దానికి జత కలిసింది. ఆ గొంతు పాడగా విని వారమైందని అప్పుడు తెలిసింది.

నీలం పొరలు పొరలుగా లేచింది. దానికింద పాత ఆకుపచ్చ, దానికింద ఎరుపు, చివరికి ఇనుము. చుక్కంత వెండి రంగు. మరలు కూడా శుభ్రం చేసి, తీగ కొస దానిమీద పెట్టి, బోల్టు బిగించాను. దీపం వెలుగుతుందా లేదా చూడటానికి, బండికే ఉన్న తాళం ముందే తిప్పి ఉంచాను. చూసి ఆపేద్దామనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను.

శబ్దం పెంచే గుండీ గుర్తులేదు. సోమవారం పొద్దున మామయ్య చివరిదాకా తిప్పి, అలాగే వదిలేసిన గుండీ.

స్పానరు చివరి చుట్టు తిరిగింది. బస్సు అరిచింది.

అదే పాట. నడుము పాట. ఊరు ఊరంతా మోకాళ్ల మీద ఉన్నప్పుడు, "మా అపరాధములను" అనే చోట, ఊరి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడుము! నా తల సీటుకి కొట్టుకుంది. గుండీ అందలేదు. తాళం అందలేదు. కుక్కలు లేచాయి. కోళ్లు లేచాయి. నేను పాకి, జారి, మళ్లీ పాకి తాళం పీకేసరికి ఒక చరణం పూర్తయింది.

తర్వాత వచ్చిన నిశ్శబ్దం నేను ఎన్నడూ ఎరగనిది. అందులో ఒకే ఒక్క చప్పుడు: ఇంట్లోంచి మామయ్య నవ్వు. ఆపుకోవాలని ప్రయత్నించి, ఆపుకోలేక, ముక్కులోంచి, గొంతులోంచి వస్తున్న నవ్వు. "ఆమెన్" అన్న అమ్మమ్మ గొంతులో పిడుగు ఉంది. నవ్వు ఆగలేదు.

ప్రార్థన అయ్యాక ఆయన బస్సులోకి వచ్చాడు. నేను ఇంకా సీటు కిందే ఉన్నాను. బయటికి రావాలనిపించలేదు.

"గీకేశావా?"

"గీకేశాను."

"వద్దన్నానుగా."

"అన్నావు."

నా పక్కనే బోర్లా పడుకుని ఆ చుక్క చూశాడు. వేలితో తడిమాడు.

"ఆయనకి నిజంగా కోపమే ఉంటే" అన్నాడు మెల్లగా, "తన ప్రార్థన మధ్యలో నోరు తెరవనిస్తాడా అమ్మడూ?"



ఇవాళ పిల్లలు తెల్లబట్టల్లో ఎక్కారు. స్తోత్రాలు మోగించుకుంటూ వెళ్లాం. అద్దాలు అదిరాయి. చర్చి నుంచి వచ్చాక తాళం మళ్లీ మామయ్య చేతిలోనే ఉంది. ఫెలెటి పేరు ఎవరూ ఎత్తలేదు. అమ్మమ్మ నాతో ఇంకా మాట్లాడటం లేదు.

అక్టోబరు 9, సోమవారం

పెద్దల ముందుకి పిలిచారు. మామయ్యనీ నన్నూ. నేను గుమ్మం దగ్గర తల వంచుకుని కూర్చున్నాను. ఒకే ఇల్లు, పది రోజుల్లోపే రెండుసార్లు. పెద్దాయన గొంతు సవరించుకున్నారు.

"ఈసారి వినపడలేదని చెప్పకు, సియావోసీ."

"ఈసారి బాగా వినపడిందండీ" అన్నాడు మామయ్య.

ఒకరిద్దరు పైకప్పు వైపు చూశారు, నవ్వు దాచుకోవడానికి. నేనే చేశానని చెప్పాను. కత్తి, రంగు, గుండీ అన్నీ చెప్పాను. ఎర్తు గురించి చెప్పేటప్పుడు వాళ్లకి విసుగు పుట్టినట్టుంది, నన్ను ఆపేశారు. ఇంతలో బయటినుంచి కర్ర చప్పుడు. తనియేలు తాత.

"నాకూ వెయ్యండి జరిమానా" అన్నాడు.

"నువ్వేం చేశావు?"

"ప్రార్థన సగంలో లేచి చీపుళ్లు పట్టుకుని రోడ్డు మీదికొచ్చాను. బస్సొచ్చిందనుకున్నాను." కర్రతో నేల మీద ఒకటి కొట్టాడు. "వారం నుంచీ ఆ ఫెలెటిగాడి పాటలు వింటున్నాను బాబూ. వాడికి పాటంటే ఏంటో తెలీదు. నా పాపం నాది, వెయ్యండి."

పెద్దలు చాలాసేపు మాట్లాడుకున్నారు. మాకు డబ్బా చేపల పెట్టె. తాతకి ఏమీ లేదు. చీపురు ఒకటి చర్చికి ఇస్తే చాలన్నారు. పంది అడగలేదు. ఇక మా దగ్గర పంది లేదన్న సంగతి వాళ్లకీ తెలుసు.

అక్టోబరు 10, మంగళవారం

పొద్దున్నే గుండె ఆగినంత పనైంది. స్కూలుకి తయారై బయటికొచ్చేసరికి అమ్మమ్మ నీలం రంగు డబ్బా, బ్రష్షు పట్టుకుని బస్సు ఎక్కుతోంది.

"అమ్మమ్మా! అక్కడ వెయ్యకు! అమ్మమ్మా!"

నేను పరుగెత్తి చేరేసరికి సీటు కింద సగం దూరింది. కాళ్లు మాత్రం బయట కనపడుతున్నాయి. నేనూ దూరాను. బోల్టు చుట్టూ సన్నగా, నిదానంగా, ఊపిరి బిగబట్టి రంగు వేస్తోంది. ఇనుము చుక్క మీద కాదు. దాని చుట్టూ.

"కుక్క గోకినట్టు గోకావు" అంది. మూడు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట. "అంచులన్నీ చెక్కలుచెక్కలుగా వదిలేశావు. ఇంత చోటు ఆయనకి వదిలినప్పుడు అంచైనా గుండ్రంగా ఉండద్దుటే?"

"ఆయనకి వదిలానా?"

"మరి నీకా? జరుగు, వెలుతురు అడ్డొస్తున్నావు."

గుండ్రంగా వేసింది. ఇంత పెద్ద వయసులో చెయ్యి వణకలేదు. దాన్ని చూస్తే ఎవరూ లోపం అనరు, కావాలని చేసిన బొమ్మ అనుకుంటారు.

మామయ్య తాళం తిప్పాడు. గుండీని సగానికే తిప్పాడు. తర్వాత నా వైపు చూసి ఇంకాస్త తిప్పాడు. ఎదర ఇళ్లల్లో జడలు ముడిపడటం, బుట్టలు లేవడం మొదలైంది. నా ఒళ్లో ఫ్యూజు పెద్దావిడ కూర్చుంది. "నేను ముందే చెప్పాను, ఫ్యూజని" అంది. కాళ్లు తిమ్మిరెక్కాయి.

సీమపనస చెట్టు దగ్గర, మేం మలుపు తిరిగేసరికే, తనియేలు తాత చీపుళ్లతో లేచి రోడ్డు అంచున నిలబడి ఉన్నాడు.

"ఏరా సియావోసీ, ఇంత ఆలస్యమేం?" అన్నాడు ఎక్కుతూ.

"రంగు ఆరలేదు తాతా" అన్నాడు మామయ్య. ఇంకా ఏదో కూడా అన్నాడు, పాటలో వినపడలేదు.

స్కూలు లంగా మీద మళ్లీ నీలం.